కాకినాడ వ్యాపారులు, ఇబ్రహీంపట్నం అధ్యాపకులు

1964, 65 సంవత్సరాల్లో కాకినాడ వ్యాపారులు జట్లు జట్లుగా హైదరాబాదు వచ్చి పది రోజుల శిక్షణ తీసుకుని వెళ్లారు. శిక్షణ ఇచ్చింది చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థను అప్పట్లో సియెట్ అనేవారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ పేరుతో నడుస్తోంది. ఆ శిక్షణను రూపొందించినవాడు హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్. ఫలితాలను ఆయన, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అనే పుస్తకంగా వెలువరించారు. మన మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో ‘కాకినాడ ప్రయోగం’ అని ఒక పేరాలో చెప్పి వదిలేసేది దీన్నే.

ఇప్పుడు హైదరాబాదుకు ఆగ్నేయాన, సాగర్ రోడ్డు మీదికి వెళదాం. మంగళ్‌పల్లిలో సీవీఆర్, భారత్, శేరిగూడలో శ్రీ ఇందు, ఖానాపూర్ దగ్గర గురునానక్. ఇబ్రహీంపట్నం చుట్టూ కొద్ది మైళ్లలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు. పొద్దున పూట ఆ రోడ్డు మీద బస్సుల్లో సగం కాలేజీ బస్సులే. దేశంలోని మిగతా కాలేజీలకు లాగే ఇక్కడి అధ్యాపకులకూ ఒక కొత్త బాధ్యత వచ్చి పడింది: పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడమే కాదు, ఉద్యోగం ఇవ్వడమూ నేర్పాలి. కేంద్ర విద్యాశాఖ 2018లో ఇన్నోవేషన్ సెల్ పెట్టి, కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు ఏర్పాటు చేయించింది. ఆ కౌన్సిళ్లను నడిపే అధ్యాపకుల కోసం ‘ఇన్నోవేషన్ అంబాసిడర్’ అనే ఆన్‌లైన్ శిక్షణ తెచ్చింది. డిజైన్ థింకింగ్, మేధో హక్కులు, స్టార్టప్‌కు పెట్టుబడి, ఇంక్యుబేషన్ వంటి అంశాల మీద తరగతులు, క్విజ్, చివర సర్టిఫికెట్.

కాకినాడ నుంచి వచ్చినవాళ్లు దుకాణాలు, చిన్న పరిశ్రమలు నడుపుకునేవాళ్లు. ఇక్కడున్నది చదువు చెప్పేవాళ్లు. పోలిక ఎక్కడ అని పాఠకుడు అడగవచ్చు. రెండు చోట్లా శిక్షకుల ముందున్న ప్రశ్న ఒక్కటే: కొద్ది రోజుల్లో, నాలుగు గోడల మధ్య జరిగే శిక్షణ, ఎదిగిన మనిషి చేసే పనిని మార్చగలదా? ఆ ప్రశ్నకు కాకినాడ జవాబు వెతికింది. మన ఇప్పటి పథకాలు ప్రశ్నను వేసుకోనే లేదని నా ఫిర్యాదు.

సియెట్ పది రోజుల్లో ఏం జరిగిందో కొంచెం నిదానంగా చూడాలి. మొదట ఒక బొమ్మ చూపించి, దాని మీద కథ రాయమనేవారు. తర్వాత ఆ కథను ఎలా విశ్లేషించాలో రాసినవాళ్లకే నేర్పేవారు. కథలోని మనిషి ఏదైనా సాధించాలని తపిస్తున్నాడా, ఆటంకాన్ని ముందే ఊహించాడా, ఎవరి సాయమైనా అడిగాడా? తన కథకు తానే మార్కులు వేసుకున్న వ్యాపారికి తన ఆలోచన ఏ దారిన పోతున్నదో కళ్లకు కట్టేది. ఆ తర్వాత ఆటలు. అందులో రింగు విసిరే ఆట ఒకటి. నేల మీద పాతిన పుల్లకు రింగు వేయాలి, ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం. దగ్గరగా నిలబడితే ప్రతిసారీ పడుతుంది, కానీ అందులో గొప్పేమీ లేదు. మరీ దూరం వెళితే అదృష్టం మీద ఆధారపడాలి. కష్టపడితే సాధ్యమయ్యే మధ్యదూరాన్ని ఎంచుకునేవాడు వ్యాపారంలోనూ లెక్క వేసి తెగించగలడని మెక్లెలాండ్ సిద్ధాంతం. ఆఖరున ప్రతి ఒక్కరూ తమ వ్యాపారానికి రాబోయే రోజుల్లో ఏం చేస్తారో కాగితం మీద రాసి, నలుగురి ముందూ చెప్పాలి. అక్కడితో వదిలేయలేదు. తర్వాత వెళ్లి, రాసినదాంట్లో ఎంత జరిగిందో అడిగారు.

నన్ను బాగా ఆకట్టుకునేది ఆ అడగడమే. శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులను కూడా పోలిక కోసం గమనించారు. కొత్త పెట్టుబడి, కొత్త పని, కొత్తగా ఇచ్చిన ఉద్యోగాలు, ఇలాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది వ్యాపారంలో చురుగ్గా ముందుకు కదిలారు. పొందనివారిలో ఆ వాటా బాగా తక్కువ. శిక్షణను రూపొందించినవాళ్లు తమ పనికి తామే పరీక్ష పెట్టుకుని, ఫలితాన్ని అచ్చు వేసి లోకం ముందు పెట్టారు. అరవై ఏళ్ల కిందట, మన తెలుగు నేల మీద.

దీనికి పక్కన ఇప్పటి శిక్షణను పెట్టి చూస్తే ముందు దాని బలం చెప్పాలి, అది చిన్న బలం కాదు. సియెట్‌కు వచ్చినవాళ్లు డజన్ల లెక్క. ఆన్‌లైన్ శిక్షణ దేశమంతటా వేలమంది అధ్యాపకులకు చేరుతుంది. శేరిగూడలో పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్ సెలవు పెట్టకుండా, ప్రయాణ ఖర్చు లేకుండా, పేటెంటుకు ఎలా దరఖాస్తు చేయాలో, స్టార్టప్‌లో వాటాలు ఎలా పంచుకుంటారో తెలుసుకోవచ్చు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న అధ్యాపకురాలికి పది రోజులు ఊరొదిలి వెళ్లడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఈ సౌకర్యాన్ని తేలిక చేసి మాట్లాడరు. సమాచారం అందించడానికి ఇది మంచి మార్గం.

ఇబ్బంది సమాచారం దాటాక మొదలవుతుంది. క్విజ్‌లో నెగ్గిన అధ్యాపకుడు కస్టమర్‌తో మాట్లాడడం అంటే ఏమిటో చెప్పగలడు. తాను ఒక్క కస్టమర్‌తోనైనా మాట్లాడాల్సిన అవసరం శిక్షణలో రాదు. ధర ఎలా నిర్ణయించాలో చెప్పగలడు; తాను దేనికీ ధర కట్టి, బేరమాడి, అమ్మి చూడడు. కథకు తానే మార్కులు వేసుకున్న కాకినాడ వ్యాపారి అనుభవం ఇక్కడ ఎవరికీ కలగదు. పైగా ఏడాది చివర కాలేజీకి వచ్చే స్టార్ రేటింగు జరిపిన కార్యక్రమాలను బట్టి ఉంటుంది. ఎన్ని వెబినార్లు, ఎన్ని ఐడియా పోటీలు, ఎన్ని రిపోర్టులు, ఎన్ని ఫొటోలు అప్‌లోడ్ అయ్యాయి అన్నది లెక్క. శిక్షణ పొందిన అధ్యాపకుడి తరగతిలో కూర్చున్న పిల్లలు రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నారన్నది ఆ లెక్కలో ప్రధానం కాదు. రాజమండ్రి లాంటి పోలిక ఊరు ఎక్కడా కనబడదు. ఇది ఏ ఒక్క కాలేజీ తప్పూ కాదు. లెక్క పెట్టేదాన్ని బట్టే పని నడుస్తుంది.

ఈ రెండు కొసల మధ్య ఒక వంతెన కూడా ఉంది, న్యాయంగా చెప్పుకోవాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 1982లో జాతీయ వ్యవస్థాపకత అభివృద్ధి బోర్డును ఏర్పాటు చేసింది. మరుసటి ఏడే అహ్మదాబాదులో ఆంత్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా మొదలైంది. ఈ దారిలో వచ్చినవే అధ్యాపకులకు రెండు వారాల ఎఫ్‌డీపీలు, అంటే అధ్యాపక అభివృద్ధి కార్యక్రమాలు. ఫ్యాక్టరీ సందర్శనలు, ప్రాజెక్టు రిపోర్టు తయారీ, బ్యాంకు అధికారులతో ముఖాముఖి వాటిలో భాగాలు. మెక్లెలాండ్ రింగు ఆట కూడా వాటిలోకి వచ్చి చేరింది. అయితే కాకినాడ ప్రయోగంలో శిక్షణకు వెన్నెముకగా ఉన్న ఇలాంటి అభ్యాసాలు ఇక్కడ ఒకటి రెండు సెషన్లకు కుదించుకుపోయాయి. తర్వాత వెళ్లి అడగడం అనే అలవాటు మాత్రం ఆ వంతెన దాటి రాలేదు.

కాకినాడను నేను ఆకాశానికెత్తడం లేదు. ఆ ప్రయోగానికి పెద్ద లోపమే ఉంది. మనిషి మనసులోని తపనే సర్వస్వం అన్నట్టు చూసింది. అప్పు ఎవరికి పుడుతుంది, సరుకు ఎవరి చేతుల మీదుగా కదులుతుంది, ఏ కులంవాడికి ఏ వీధిలో దుకాణం దొరుకుతుంది, ఆడవాళ్లు ఎక్కడ అనే ప్రశ్నలు దాని చూపులో ప్రధానం కాలేదు. ఇబ్రహీంపట్నం కాలేజీల్లో చదివే పిల్లల్లో ఎంతోమంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నవాళ్లు, ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ దాకా వచ్చినవాళ్లు. వాళ్లను ‘తెగించు’ అని ఊరికే ప్రోత్సహించడం అన్యాయం. పడిపోతే మళ్లీ నిలబడడానికి ఇంట్లో ఏముందో అధ్యాపకుడికి తెలిసి ఉండాలి.

కానీ అదే పుస్తకంలో, పాఠ్యపుస్తకాలు ఎత్తుకోని ఒక ఫలితం ఉంది. నా దృష్టిలో మన అధ్యాపక శిక్షణకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. శిక్షణ పొందినవాళ్లందరూ ఒకేలా మారలేదు. ఎవరి చేతిలో వ్యాపారం పగ్గాలు ఉన్నాయో, అంటే నిర్ణయం తామే తీసుకోగల యజమానుల్లో మార్పు స్పష్టంగా కనిపించింది. తండ్రి కిందో అన్న కిందో మరొకరి మాట మీద పనిచేసేవాళ్లలో అంత కనబడలేదు. పది రోజులూ వాళ్లు అదే గదిలో కూర్చున్నారు, అవే ఆటలు ఆడారు. ఇంటికి వెళ్లాక నేర్చుకున్నది ఆచరణలో పెట్టడానికి చోటు లేకపోయింది.

ఈ వెలుగులో మన అధ్యాపకుణ్ణి చూడండి. అనుబంధ కాలేజీలో సిలబస్ యూనివర్సిటీది, ప్రశ్నపత్రం యూనివర్సిటీది. తరగతి వేళలు, అటెండెన్స్, ల్యాబులు, ఇంటర్నల్ మార్కులు ముందే గీసి ఉంటాయి. జేఎన్టీయూ బీటెక్‌లో వ్యాపారానికి దగ్గరగా వచ్చే ‘బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్’ కూడా చివరికి రాతపరీక్షే. పిల్లల్ని ఒక పూట ఇబ్రహీంపట్నం మార్కెట్‌కు తీసుకెళ్లాలంటే ఎవరెవరి అనుమతి కావాలో ఏ హెచ్‌ఓడీని అడిగినా చెబుతారు. దానికి తోడు న్యాక్, ఎన్‌బీఏ గుర్తింపుల ఫైళ్లు. వీటన్నిటి మీద జీతం భయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు 2025లో బంద్ పాటించాయి. ఆ బకాయిల భారం చివరికి ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. వచ్చే నెల జీతం ఖాయం లేని మనిషిని, లెక్క వేసి తెగించడం ఎలాగో నేర్పమంటున్నాం. పగ్గాలు చేతిలో లేని కాకినాడ తమ్ముడి పరిస్థితి ఇదే.

అమెరికాలో ఇదే సమస్యకు వేరే మార్గం వెతికారు. బాబ్సన్ కాలేజీలో జెఫ్రీ టిమ్మన్స్ 1984లో అధ్యాపకుల శిక్షణ ఒకటి మొదలుపెట్టాడు. దాని ప్రత్యేకత ఏమిటంటే ప్రొఫెసర్ ఒక్కడే రాకూడదు. పాఠం చెప్పాలన్న ఉత్సాహమున్న ఒక పారిశ్రామికవేత్తను వెంటబెట్టుకుని రావాలి. ఇద్దరూ కలిసి నేర్చుకుని, తిరిగి వెళ్లి ఒకే తరగతిలో పాఠం చెప్పాలి. బోధన పద్ధతి ఒకరి దగ్గర, అనుభవం మరొకరి దగ్గర. ఉన్నవాణ్ణి మార్చడం కష్టమైతే పక్కన మరొకణ్ణి నిలబెట్టాలనే ఈ ఆలోచన సియెట్ దారికి పూర్తిగా ఎదురు దిక్కు. సియెట్ మనిషి లోపలికి చూసింది, బాబ్సన్ మనిషి పక్కకు చూసింది. మన ఆన్‌లైన్ శిక్షణ లోపలికీ చూడలేదు, పక్కకూ చూడలేదు.

ఇబ్రహీంపట్నంలో అలా పక్కన నిలబెట్టడానికి మనుషులకు కొదవ లేదు. అదే మండలంలోని ఆదిభట్లలో టాటా సంస్థలు బోయింగ్, లాక్‌హీడ్ మార్టిన్‌లతో కలిసి హెలికాప్టర్లకూ రవాణా విమానాలకూ భాగాలు తయారుచేస్తున్నాయి. అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలాజ్ తయారయ్యేది ఇక్కడే, ఆ ఫ్యాక్టరీ 2018లో తెరిచారు. అలాంటి కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న యూనిట్ యజమాని నాణ్యత, గడువు, చెల్లింపుల ఆలస్యం గురించి మెకానికల్ విద్యార్థులకు చెప్పగలిగింది ఏ స్లైడులోనూ దొరకదు. ఇంకో పక్క యాచారం, మంచాల రైతులు పండించిన కూరగాయలు నగరానికి వెళతాయి. తెల్లవారుజామున వాటి ధర ఎవరు, ఎలా నిర్ణయిస్తారో ఏళ్లుగా చూస్తున్న రైతు మహిళ కూడా ధర గురించి పాఠం చెప్పగలదు. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగింది. పరిశ్రమతో కలిసి పాఠాలు రూపొందించాలన్నది దాని ఉద్దేశం. ఇంత దగ్గరలో ఇంత జరుగుతుంటే, పక్క ఊరి అధ్యాపకుడు స్టార్టప్ ఉదాహరణ కోసం సిలికాన్ వ్యాలీ దాకా పోవలసిన పనిలేదు.

మరి పగ్గాల మాటేమిటి? 2019లో విద్యాశాఖ తెచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం అధ్యాపకులు సొంతంగా స్టార్టప్ పెట్టుకోవడానికి, అందుకు సెలవు తీసుకోవడానికి వీలు కల్పించింది. కాగితం మీద ఉన్న ఆ వీలు అమల్లోకి రావడం కాలేజీ యాజమాన్యం చేతిలో ఉంది. అంతకంటే దగ్గరి దారి మరొకటుంది. ఇబ్రహీంపట్నం పరిసరాల్లో సీవీఆర్, శ్రీ ఇందు, గురునానక్ వంటివి స్వయంప్రతిపత్తి పొందిన కాలేజీలు. సిలబస్‌లో మార్పులు చేసుకునే, పరీక్ష తామే పెట్టుకునే అవకాశం వాటికి ఉంది. ఒక కోర్సులో రాతపరీక్ష బరువు తగ్గించి, విద్యార్థి నిజంగా ఎవరికైనా ఏదైనా అమ్మి, దాని లెక్క రాసి చూపించడానికి మార్కులివ్వాలంటే ఢిల్లీ అనుమతి కోసం ఎదురు చూడక్కరలేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో ప్రతిపాదిస్తే చాలు, మాట మొదలవుతుంది.

ఆ బోర్డుల్లో కూర్చునే ప్రొఫెసర్లను, అకడమిక్ కౌన్సిల్ సభ్యులను నేను కోరేది ఇది. వచ్చే విద్యాసంవత్సరంలో ఆంత్రప్రెన్యూర్‌షిప్ చెప్పే అధ్యాపకుణ్ణి శిక్షణకు పంపేటప్పుడు, మండలంలోని ఒక చిన్న యూనిట్ యజమానినో ఒక రైతు మహిళనో తోడుగా పంపండి, వాళ్లకూ గౌరవ వేతనం ఇవ్వండి. తిరిగొచ్చాక ఆ ఒక్క కోర్సుకు సిలబస్, వేళలు, మార్కులు ఆ ఇద్దరి చేతికే వదిలేయండి. రెండేళ్ల తర్వాత ఆ తరగతిలో చదివిన పిల్లల్నీ, చదవని పక్క సెక్షన్ పిల్లల్నీ కలిసి, ఏం చేస్తున్నారో అడిగి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా కాలేజీ పేరుతోనే ప్రచురించండి.