టింటిన్ చిత్రకథల్లో పాఠాంతరాలు: సవరణల స్వభావం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బెల్జియం చిత్రకథకుడు ఎర్జే సృష్టించిన టింటిన్ సాహసగాథల చుట్టూ చిన్నచిన్న విశేషాల భాండారం ఒకటి పెరిగింది. ఏ ముద్రణలో ఏ బొమ్మ మారింది, ఏ పేరు తొలగింది, ఏ దేశం స్థానంలో ఏ కల్పితదేశం వచ్చింది అన్న సంగతులను అభిమానులు కుతూహలంతో సేకరించారు. విమర్శ వాటిని కాలక్షేప విషయాలుగా చూసి పక్కన పెట్టడం కద్దు. ఆ విశేషాలు నిజానికి పాఠాంతరాలని, వాటిని పాఠపరిష్కరణ దృష్టితో వర్గీకరిస్తే సవరణకూ పశ్చాత్తాపానికీ మధ్యనున్న దూరం స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిత్రకథ, టింటిన్, ఎర్జే, పాఠాంతరం, పాఠపరిష్కరణ, వలసవాదం.

1. ఉపోద్ఘాతం

టింటిన్ అనే యువ విలేఖరి 1929 జనవరి 10న తొలిసారి పాఠకులకు కనిపించాడు. బ్రసెల్స్ నుంచి వెలువడే 'లె వాంతియెమ్ సియెక్ల్' అనే కాథలిక్ దినపత్రికకు 'లె పెతీ వాంతియెమ్' అనే పిల్లల అనుబంధం ఉండేది. ఆ కథ అందులోనే మొదలైంది. చిత్రకారుడు జార్జ్ రెమీ (1907–1983) తన పేరులోని పొడి అక్షరాలను తిరగవేసి, వాటి ఫ్రెంచి ఉచ్చారణతో 'ఎర్జే' అనే కలంపేరు పెట్టుకున్నాడు. మొత్తం 24 సంపుటాలు వెలువడ్డాయి. చివరిదైన 'ఆల్ఫ్-ఆర్ట్' అసంపూర్ణ రూపంలోనే, రచయిత మరణానంతరం 1986లో అచ్చయింది.

ఈ కథలకు ఒకటికి మించిన పాఠాలు ఏర్పడటానికి మొదటి కారణం ముద్రణారీతి. తొలికథలు పత్రికలో ధారావాహికలుగా వచ్చి, తర్వాత నూటికి పైబడిన పుటల నలుపు-తెలుపు సంపుటాలయ్యాయి. 1942 నుంచి కాస్తెర్మాన్ ప్రచురణసంస్థ 62 పుటల రంగుల సంపుటాల పద్ధతిని ప్రవేశపెట్టింది. పాతకథలను ఆ కొలతకు కుదించడానికి ఎర్జే వాటిని తిరిగి గీయవలసివచ్చింది. అలా గీసేటప్పుడు కథలోని లోకాన్ని కూడా మార్చే అవకాశం ఆయనకు దొరికింది.

తాళపత్ర ప్రతులను సరిపోల్చే పరిష్కర్తకు పాఠాంతరం సాధారణంగా లేఖకుని ప్రమాదమో, తర్వాతివారి ప్రక్షేపమో అవుతుంది. వాటిని తొలగించి కవి పాఠాన్ని చేరుకోవడమే ఆయన లక్ష్యం. టింటిన్ విషయంలో మార్చినవాడు రచయితే. అందుచేత ఏది మూలమన్న ప్రశ్న ఇక్కడ అంతగా ఫలించదు. ప్రతి మార్పూ ఎవరి అభ్యంతరానికి సమాధానం, అది దేనిని మార్చకుండా వదిలింది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

2. వస్తువుల సవరణ

అత్యంత నిరపాయమైన సవరణలు వస్తువులకు సంబంధించినవి. స్కాట్లాండులో నడిచే 'బ్లాక్ ఐలాండ్' కథకు మూడు పాఠాలున్నాయి: 1938 నాటి నలుపు-తెలుపు సంపుటం, 1943 నాటి రంగుల సంపుటం, 1966 నాటి పునశ్చిత్రణ. బ్రిటిష్ ప్రచురణకర్త మెథూయెన్ బ్రిటన్ జీవితచిత్రణలో 131 దోషాలను జాబితా కట్టి పంపడం ఈ మూడవ పాఠానికి కారణం. ఎర్జే తన సహాయకుడు బాబ్ ద మూర్‌ను బ్రిటన్‌కు పంపి రైళ్లు, దుస్తులు, భవనాలు పరిశీలింపజేశాడు. ఫలితంగా 1930ల నాటి కథ 1960ల నాటి వస్తువుల మధ్య నడుస్తుంది. వివరాలు సరిపడ్డాయి గాని, కథకూ దాని కాలానికీ ఉన్న పొత్తు చెడింది.

'సిగార్స్ ఆఫ్ ది ఫారో' 1955 పాఠంలో ఇంకొక విచిత్రం ఉంది. ఎడారిలోని షేక్ తాను టింటిన్ అభిమానినని చెప్పుకొని ఒక సంపుటాన్ని చూపిస్తాడు. అది 1953లో పుస్తకంగా వచ్చిన చంద్రయాత్ర కథ. టింటిన్ ఇంకా చేయని ప్రయాణాన్ని షేక్ అప్పటికే చదివేశాడన్నమాట. అభిమానులు దీన్ని పొరపాటుగా చెప్పుకొని నవ్వుకుంటారు. పాఠచరిత్ర తెలిసినవారికి మాత్రం ఇది పుస్తకం మీద పడిన పునర్ముద్రణ తేదీముద్ర.

3. పేర్ల సవరణ

రెండవ తరగతి సవరణలు ఇంత అమాయకమైనవి కావు. 'షూటింగ్ స్టార్' కథ 1941–42లో, జర్మన్ ఆక్రమణలో ఉన్న బ్రసెల్స్‌లో, 'లె స్వార్' పత్రికలో వెలువడింది. ఉల్కాన్వేషణలో టింటిన్ బృందానికి పోటీగా బయలుదేరిన నౌకపై అమెరికా జెండా ఎగిరింది. దాని వెనుక ఉన్న దుష్ట ధనికుని పేరు బ్లూమెన్‌స్టైన్. ప్రళయం వస్తే అప్పులు తీర్చనక్కరలేదని సంతోషించే ఇద్దరు యూదు వర్తకుల హాస్యచిత్రం కూడా పత్రికాపాఠంలో ఉంది. 1942 సంపుటంలో ఆ హాస్యచిత్రం లేదు. యుద్ధానంతర పాఠంలో అమెరికా 'సావో రికో' అనే కల్పితదేశమైంది, ధనికుడు 'బోల్‌వింకెల్' అయ్యాడు. మిఠాయి దుకాణానికి బ్రసెల్స్ మాండలికంలో వాడే మాట నుంచి ఎర్జే ఈ పేరు కల్పించాడు. అదీ ఒక యూదు ఇంటిపేరేనని తర్వాత తేలింది.

ఈ చివరి విశేషాన్ని విధివిలాసంగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. విమర్శకుడు చూడవలసినది పేరును కాదు, ముఖాన్ని. పెద్దముక్కుతో, చుట్ట కాలుస్తూ, ధనబలంతో లోకాన్ని ఆడించే ఆ మూర్తి అన్ని పాఠాల్లోనూ ఒక్కటే. యూదులపై ద్వేషప్రచారం సాగుతున్న కాలంలో దానికి అర్థం కల్పించింది పేరు ఒక్కటే కాదు. కనుక పేరు మారినా ఆ అర్థం పోలేదు.

'ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్' మరొక ఉదాహరణ. 1939లో మొదలైన ఈ ధారావాహిక 1940 మే నెలలో జర్మన్ దాడితో ఆగిపోయి, 1948లో 'టింటిన్' వారపత్రికలో తిరిగి ప్రారంభమైంది. తొలిపాఠంలో బ్రిటిష్ పాలనలోని పాలస్తీనా, అక్కడి యూదు సాయుధబృందాలు, అరబ్బుల ప్రతిఘటన కనిపిస్తాయి. బ్రిటిష్ ప్రచురణకర్త కోరిక మేరకు 1971లో తిరిగి గీసిన పాఠంలో అవన్నీ పోయి, ఖెమెద్ అనే కల్పితరాజ్యంలోని అంతఃకలహం మాత్రమే మిగిలింది. చరిత్ర నుంచి కథ తప్పించుకుంది. ఇంగ్లీషులో చదివే పాఠకునికి పాలస్తీనా ఒకప్పుడు ఈ పుటల్లో ఉండేదన్న జాడే దొరకదు.

'టింటిన్ ఇన్ టిబెట్' కథలో కూలిపోయిన విమానం మొదట ఎయిర్ ఇండియాది. ఆ సంస్థ ప్రతినిధి అభ్యంతరం తెలిపాక అది 'సారీ ఎయిర్‌వేస్' అయింది. పై రెండు సందర్భాలతో పోలిస్తే ఇది స్వల్పమే గాని, సవరణ జరిగే తీరు అదే: అభ్యంతరం చెప్పగల స్థానంలో ఉన్నవారి మాటే చెల్లింది.

4. కాంగో: నల్లబల్ల మీది పాఠం

అభ్యంతరం చెప్పగల స్థానంలో లేనివారి సంగతి ఏమైందో కాంగో కథ చెబుతుంది. 1930–31 నాటి పాఠంలో టింటిన్ క్రైస్తవ పాఠశాలలో కాంగో పిల్లలకు వారి దేశాన్ని గురించి భూగోళపాఠం మొదలుపెడతాడు. ఆ 'వారి దేశం' బెల్జియం. 1946 రంగుల పాఠంలో ఆ స్థానంలో కూడిక లెక్క వచ్చింది. ఈ మార్పును వలసవాద భావన తొలగింపుకు నిదర్శనంగా ఉదహరిస్తుంటారు. ఆ నిర్ణయానికి రెండు అంశాలు అడ్డువస్తాయి.

మొదటిది కాలం. 1946 నాటికి కాంగో ఇంకా బెల్జియం వలసే. స్వాతంత్ర్యం 1960లో వచ్చింది. కాబట్టి ఈ సవరణ కాంగో ప్రజల కోసం కాక, బెల్జియం ప్రస్తావన అక్కరలేని ఇతరదేశాల పాఠకుల కోసం జరిగిందనుకోవడమే సబబు. రెండవది పాఠంలోని విషయం. కొత్తపాఠంలో రెండుకు రెండు కలిపితే ఎంతని టింటిన్ అడిగితే తరగతి నుంచి జవాబు రాదు. పాతపాఠం ఆ పిల్లల దేశాన్ని లాక్కుంటే, కొత్తపాఠం వారి తెలివినే శంకించింది. గురుపీఠంపై టింటిన్, ఎదుట మౌనంగా విద్యార్థులు అన్న చిత్రవిన్యాసం చెక్కుచెదరలేదు. సవరణ ఇక్కడ అవమానాన్ని తగ్గించలేదు, దాని రూపం మార్చింది.

ఇదే కథలో ఖడ్గమృగానికి రంధ్రం తొలిచి డైనమైటుతో పేల్చివేసే దృశ్యాన్ని 1975లో స్కాండినేవియా ప్రచురణకర్తల కోరికపై ఎర్జే మార్చి గీశాడు. కొత్త దృశ్యంలో మృగం బతికి పారిపోతుంది. మృగంపై దయ కలిగినప్పుడు కూడా మనుషుల వికృతచిత్రణ అలాగే మిగిలింది.

5. 'బ్లూ లోటస్': రచనకు ముందరి సవరణ

ఈ సవరణలన్నీ అచ్చయిన తర్వాత చేసినవి. 1934–35 నాటి 'బ్లూ లోటస్'లో సవరణ గీతకు ముందే జరిగింది. బ్రసెల్స్‌లో శిల్పకళ అభ్యసిస్తున్న చైనా విద్యార్థి జాంగ్ చోంగ్‌రెన్‌తో 1934లో ఎర్జేకు పరిచయమైంది. గోడలపై, దుకాణాల ఫలకాలపై కనిపించే చైనా లిపి జాంగ్ చలువే. జపాను వస్తువుల బహిష్కరణకు, సామ్రాజ్యవాద వ్యతిరేకతకు సంబంధించిన నినాదాలు వాటిలో ఉన్నాయి. బెల్జియం బాలపాఠకులకు అవి అలంకారాలు, లిపి తెలిసినవారికి రాజకీయ ప్రకటనలు. ఒకే బొమ్మలో రెండు పాఠాలు ఇమిడి ఉన్నాయి. 1931 సెప్టెంబరు 18 నాటి ముక్డెన్ రైలుమార్గ విస్ఫోటనాన్ని ఈ కథ జపాను పన్నాగంగా చూపింది. నదిలోంచి టింటిన్ కాపాడిన చాంగ్ అనే బాలునితో సంభాషణలో, ఒకరి జాతిపై మరొకరికి గల అపోహలను ఇద్దరూ నవ్వుతూ చెప్పుకుంటారు.

ఈ కథ నిర్దోషమని చెప్పలేం. చైనీయులకు దక్కిన గౌరవం జపనీయులకు దక్కలేదు. వారిని పళ్ళు బయటపెట్టిన వికారమూర్తులుగానే గీశాడు. అయినా ఇక్కడ చిత్రించబడే జాతివాడొకడు రచనలో భాగస్వామి కాగలిగాడు. కాంగో కథకు అలాంటి భాగస్వామి లేడు. తేడా అక్కడే ఉంది. ఇంత విలువైన 'బ్లూ లోటస్' ఇంగ్లీషులో 1983 వరకు రాకపోవడం గమనార్హం.

6. ముగింపు

రచయితకు తన కృతిని మార్చుకునే హక్కు లేదా అన్న ప్రశ్న సహజం. ఉంది. పైగా ఎర్జే పాతపాఠాలను దాచిపెట్టలేదు. 1973లో ఆరంభమైన 'ఆర్కీవ్ ఎర్జే' సంపుటాల్లో తొలిపాఠాలు మళ్లీ వెలుగుచూశాయి. అయితే హక్కు వేరు, ఫలితం వేరు. పేరు తీసివేసి ముఖాన్ని ఉంచిన సవరణ పక్షపాతాన్ని తొలగించదు, దాని సాక్ష్యాన్ని మాత్రం తొలగిస్తుంది. నేటి విద్యార్థి చేతికి వచ్చేది ఎక్కువగా చివరిపాఠమే కనుక, ఈ నష్టం తరగతిగదిలోనే ఎక్కువ.

అందువల్ల టింటిన్‌ను బోధించేవారు ఒక్క సంపుటంతో సరిపెట్టుకోకుండా, వీలైనచోట తొలి, మలి పాఠాలను పక్కపక్కన ఉంచి చదివించడం అవసరం. అభిమానులు సరదాకు కూర్చిన విశేషాలు ఈ పనికి తొలి ఆకరాలవుతాయి. ప్రతి పాఠాంతరం దగ్గరా ఇది ఎవరి అభ్యంతరం వల్ల మారింది, అభ్యంతరం చెప్పే వీలు ఎవరికి లేకపోయింది అన్న రెండు ప్రశ్నలు వేయగలిగితే, బాలసాహిత్యంగా తోసివేసిన ఈ చిత్రకథలు 20వ శతాబ్దపు ఐరోపా మనస్సుకు విశ్వసనీయమైన పత్రాలుగా నిలుస్తాయి.