ముందూ వెనకా లేని ఓడ

1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌకకు 104 ఫిరంగులు, మూడు తెరచాప స్తంభాలు. మన పాలమూరు కృష్ణలో తిరిగే గుండ్రటి పడవ పుట్టికి అవేవీ లేవు. ముందూ వెనకా కూడా లేవు. అయినా 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రలో తోలు కప్పిన ఇలాంటి గుండ్రటి పడవల మీద గుర్రాలూ ఎద్దులూ దాటడం గురించి రాశాడు.

పుట్టి అల్లేవాళ్ల పనితనం చూసి తీరాలి. వెదురు బద్దలను అడ్డంగా, నిలువుగా అల్లి, నడుమ బరువు పెట్టి, కొసలు పైకి వంచి అంచు బిగిస్తారు. ఒకప్పుడు పైన తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, దానిపై కాగిన తారు. నెల్సన్ నాటి యుద్ధనౌకల చెక్కల సందుల్లో కూరిందీ తారు పట్టిన నారే.

అడుగు చదును కనుక పుట్టి లోతులేని నీళ్లలోనూ, రాళ్ల మధ్యనా సాగుతుంది. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దత్తక్షేత్రానికి భక్తులను దాటించిందీ ఇదే. గిర్రున తిరగడం దాని గుణం. దాన్ని అదుపులో పెట్టేది తెడ్డు వేసేవాడి ఒడుపు. ఈ ఏటికి ఏ పడవ నప్పుతుందో సరిగ్గా అదే అల్లిన చేతులను మెచ్చుకోవడానికి ఫిరంగుల లెక్క అక్కర్లేదు.