కాలానికి వేసిన రెండు తాళాలు

చదవడానికే వీల్లేని పుస్తకాన్ని విమర్శించడం ఎలా? ఓస్లోలోని ఫ్యూచర్ లైబ్రరీతో వచ్చే చిక్కు ఇదే. స్కాట్లాండ్ కళాకారిణి కేటీ ప్యాటర్సన్ 2014లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకి ఏడాదికొకరు రాతప్రతి ఇస్తారు. మొదట ఇచ్చింది మార్గరెట్ ఆట్‌వుడ్. అన్నీ 2114లోనే అచ్చవుతాయి. ఆ కాగితం కోసం వెయ్యి మొక్కలు నాటారు. ఇప్పటికి మనకి తెలిసేవి పేర్లే కాబట్టి, వాటికి వేసిన తాళం గురించే మాట్లాడగలం.

నేను ప్రోగ్రామర్ని. మొదట నవ్వొచ్చింది. మనుషుల్ని నమ్మి వందేళ్ళా? మా దగ్గర ఇంతకన్నా గట్టి తాళం ఉంది కదా అనుకున్నా. 1996లో రివెస్ట్, షమీర్, వాగ్నర్ ఒక పేపర్ రాశారు. (ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ పేరులో మొదటి రెండక్షరాలు వీళ్ళవే.) రహస్యాన్ని గడువుదాకా దాచడానికి అందులో రెండు దారులున్నాయి: నమ్మకస్తులకి అప్పగించడం, లేదా లెక్కలో బంధించడం.

రెండో దారిలో రివెస్ట్ 1999లో ఎమ్‌ఐటీలో ఒక పజిల్ ఇచ్చాడు. 2ని వర్గం చేసి, ఒక పెద్ద సంఖ్యతో భాగించి, మిగిలిన శేషాన్ని మళ్ళీ వర్గం చెయ్యాలి. ఇలా దాదాపు 80 లక్షల కోట్ల సార్లు. ముందు మెట్టు ఎక్కితేనే తర్వాతి మెట్టు కనపడుతుంది, అందుకే వెయ్యి కంప్యూటర్లున్నా పని పంచుకోలేవు. ఆ పెద్ద సంఖ్య ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో తెలిసిన రివెస్ట్‌కి మాత్రం అడ్డదారి ఉంది. 35 ఏళ్ళు పడుతుందన్నారు. బెల్జియం ప్రోగ్రామర్ బెర్నార్ ఫాబ్రో మామూలు డెస్క్‌టాప్ మీద మూడున్నరేళ్ళు లెక్క నడిపి, 2019లోనే విప్పేశాడు. పజిల్ కొలిచింది చెయ్యాల్సిన పనిని. కంప్యూటర్ల వేగం పెరిగితే గడువు తగ్గిపోతుంది.

ఓస్లో తాళం ఇంకా బలహీనం. ఒక్క దొంగ చాలు, ఒక్క అగ్నిప్రమాదం చాలు. కానీ ఇది వేగానికి లొంగదు. ప్రతి తరమూ ముందు తరం మాట నిలబెడుతూ రావాలి, అంతే. ఇందులో నాకు నచ్చింది అదే.

నా పేచీ ఇంకోచోట. ఈ రచయితలు ఏ భాషలోనైనా రాయొచ్చు. 2114 నాటికి ఆ భాష చదివేవాళ్ళు ఉండాలి కదా! అసలు తాళంచెవి అదే, అది ఆ గదిలో లేదు.

మా తాతయ్య ఉత్తరాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. దానికి తాళం కూడా లేదు. మా అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. దాని వరకు ఆ ఉత్తరాలు ఎప్పుడో ఎన్‌క్రిప్ట్ అయిపోయాయి. నిన్న రాత్రి ఇద్దరం ‘అ’ దగ్గర మొదలుపెట్టాం.