దేవుడు అల్లుడైన సీమ: రాయలసీమ దైవవివాహ కథలలో తెగ, మతం, స్త్రీ

ఉపోద్ఘాతం

కర్నూలు, కడప ప్రాంతాల ప్రధాన ఆలయాల చుట్టూ అల్లుకున్న ఐతిహ్యాలలో ఒక బంధుత్వ పదం పదేపదే వినిపిస్తుంది. ఆ పదం 'అల్లుడు'. అహోబిల నరసింహుడు చెంచుల అల్లుడు. శ్రీశైల మల్లికార్జునుడు చెంచు మల్లయ్యగా అదే తెగకు అల్లుడు. దేవుని కడప వేంకటేశ్వరుడు బీబీ నాంచారిని చేపట్టినవాడు కనుక ముస్లింలకు అల్లుడు. ఈ కథలను గిరిజన సంస్కృతికీ ఆలయ సంస్కృతికీ మధ్య సమన్వయానికి, మతసామరస్యానికి నిదర్శనాలుగా చూపడం విమర్శలో పరిపాటి. ఆ అభిప్రాయంలో సత్యం ఉంది. అయితే 'అల్లుడు' అన్నది అత్తమామల వైపు నుండి వచ్చే పిలుపు. ఏ స్త్రీ వల్ల ఆ బంధుత్వం ఏర్పడిందో ఆమె ఆ పిలుపులో వినిపించదు. ఆమెను కేంద్రంగా చేసుకొని చదివినపుడు ఈ సమన్వయ స్వరూపం కొంత భిన్నంగా కనిపిస్తుంది.

చెంచిత, వాసంతిక, చెంచులక్ష్మి

నల్లమల అడవుల్లోని అహోబిలం 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. ప్రస్తుతం నంద్యాల జిల్లాలో ఉంది. హిరణ్యకశిపుని వధించిన తరువాత కూడా నరసింహుని ఉగ్రత్వం చల్లారలేదని, అడవిలో తిరుగుతూ ఒక చెంచు యువతిని చూసి శాంతించి ఆమెను వివాహమాడాడని స్థానిక కథనం. దేవతల స్తోత్రాలకు లొంగని ఆగ్రహం అడవి పిల్ల పట్ల కలిగిన వలపుకు లొంగింది. కథ స్త్రీ లైంగికతకు ఇంత శక్తిని ఇస్తూనే, ఆ శక్తిని దేవుని అవసరానికి వినియోగించి, వెంటనే వివాహం అనే చట్రంలోకి తెస్తుంది.

ఆ యువతికి ఉన్న పేర్లు గమనింపదగినవి. జానపద సంప్రదాయంలో ఆమె 'చెంచిత'. అహోబిల మఠం ఏడవ జియ్యరు 16వ శతాబ్దంలో రచించిన సంస్కృత నాటకం 'వాసంతికాపరిణయం'లో ఆమె 'వాసంతిక' అనే వనకన్య. భక్తుల వాడుకలో ఆమె 'చెంచులక్ష్మి'. 1943లోను, 1958లోను వచ్చిన చలనచిత్రాలు ఈ మూడవ పేరునే ప్రజల మనసుల్లో స్థిరపరిచాయి. మొదటిది తెగ పేరు. రెండవది ఋతువును స్ఫురింపజేసే కావ్యనాయిక పేరు. అందులో తెగ గుర్తు పూర్తిగా తొలగిపోయింది. మూడవదానిలో తెగ పేరు తిరిగి వచ్చింది కానీ సవతి పేరును తోడు తెచ్చుకుంది. లక్ష్మి అంశగా మారితే తప్ప చెంచు స్త్రీకి నరసింహుని పక్కన పీట దక్కలేదు.

ఆమెకు నోరు దొరికింది మాత్రం దేశి రూపాలలోనే. ఓబయమంత్రి 'గరుడాచల' యక్షగానం మొదలుకొని చెంచు నాటకాల వరకు ఈ కథ ప్రదర్శనగా ప్రసిద్ధం. ఈ సంప్రదాయంలో ఆదిలక్ష్మికీ చెంచులక్ష్మికీ మధ్య సవతుల సంవాదం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టం. కులం, తిండి, కట్టు, నివాసం అన్నీ ఆ వాదులాటలో ఎత్తిపొడుపులవుతాయి. సవతుల కయ్యంగా కనిపించేది నిజానికి రెండు సమాజాల వాదం. దానిని హాస్యఘట్టంగా మాత్రమే పరిగణించడం వల్ల ఈ ప్రదర్శనల సామాజిక విలువ మరుగున పడింది. అయితే ఇద్దరు స్త్రీలు తమలో తాము తగవులాడుకుంటారే తప్ప, ఆ తగవుకు కారకుడైన దేవుణ్ణి చివరి వరకు నిలదీయలేరన్నది కూడా గుర్తించాలి.

ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల అధ్యయనం వారి స్త్రీలకు భర్తను ఎంచుకోవడంలోను, విడిపోవడంలోను ఉన్న స్వేచ్ఛను నమోదు చేసింది. ఆ అధ్యయనం ప్రధానంగా కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమికి చెందినదైనా, ఇక్కడ పోలికకు ఉపకరిస్తుంది. మగని ఒల్లనప్పుడు విడిచి వెళ్లగల సమాజంలో పుట్టిన స్త్రీ, దేవుని భార్యగా మారిన తరువాత సవతి పోరు పడవలసిన ఇల్లాలవుతుంది. తెగ నుండి ఆలయానికి సాగిన ఈ ప్రయాణంలో ఆమె పోగొట్టుకున్నదేమిటో సమన్వయవాదం లెక్కించలేదు.

పారువేట ఈ కథను నేల మీద రాసే ఉత్సవం. సంక్రాంతి మరునాటి నుండి 40 రోజులకు పైగా స్వామి పల్లకి చుట్టుపక్కల గ్రామాలలో తిరుగుతుంది. ఫాల్గుణ బ్రహ్మోత్సవాలలో జరిగే తన పెళ్లికి ఆయనే స్వయంగా పిలువ వస్తాడని జనం నమ్మకం. చెంచులు విల్లంబులతో ఆయన ఎదుట నిలుస్తారు. ఊళ్ల మధ్య దారులు, పల్లకి దిగే తావులు అన్నీ ఈ పెళ్లి పిలుపుతోనే అర్థవంతమవుతాయి. దేవుణ్ణి అల్లుడని చనువుగా పిలువగలిగిన చెంచులు, తామున్న అడవి మీద హక్కు కోసం 2006 నాటి అటవీ హక్కుల చట్టం వరకు వేచి ఉండవలసి వచ్చింది.

దేవుని కడప గడప

తిరుమలకు గడప వంటిది కనుక కడప అయిందని ప్రసిద్ధి. ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వరాలయానికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు టెంకాయలు, బియ్యం, బెల్లం, కూరగాయలతో వస్తాయి. ఇవి ఆడబిడ్డకు పుట్టింటివారు పెట్టే సారెను తలపిస్తాయి. ఈ కథకు పూర్వరూపం శ్రీరంగం ఆలయ చరిత్ర 'కోయిల్ ఒళుగు'లో ఉంది: ఢిల్లీ సుల్తాను కూతురు విగ్రహాన్ని వలచి, దాని వెంట వచ్చి ప్రాణం విడిచింది. 'నాంచారి' తమిళ 'నాచ్చియార్'కు తెలుగు రూపం. దాని అర్థం దేవేరి, దొరసాని. 'బీబీ' అన్నా దాదాపు అదే. రెండు భాషల గౌరవ వాచకాలు కలిశాయి కానీ ఆ పిల్ల పేరేమిటో ఎవరికీ అక్కరలేకపోయింది.

ఈ కథలన్నింటిలోనూ ఆలయం పిల్లను తెచ్చుకుంటుంది, ఇవ్వదు. దేవుని చెల్లెలిని చెంచు యువకుడు చేపట్టినట్టు గాని, సుల్తాను కొడుకు వలచినట్టు గాని ఇవి ఊహించవు. మహారాష్ట్ర ఖండోబాకు ధనగర్ల బాణాయి, తమిళ మురుగనికి వేటగాళ్ల వళ్లి రెండవ భార్యలైన తీరు కూడా ఇదే. ధర్మశాస్త్రం అనులోమమని పేర్కొన్న వివాహపద్ధతి ఇక్కడ భక్తి రూపం ధరించింది. ఎదురు సంబంధానికి చోటు లేని సామరస్యాన్ని సమానత్వంగా భావించడం పొరపాటు.

బసివి

ఐతిహ్యంలోని వధువుకు రక్తమాంసాల రూపం కర్నూలు పశ్చిమ ప్రాంతంలో బసివి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. బళ్లారి ప్రాంతపు ఆచారాన్ని గురించి ఫాసెట్ 19వ శతాబ్ది చివర రాసిన వ్యాసం శీర్షికలోనే, దైవార్పణ ద్వారా పురుషుల హక్కులు పొందిన స్త్రీలుగా బసివులను నిర్వచించాడు. మగసంతానం లేని తల్లిదండ్రులు కూతురిని దేవుని పేర విడిచేవారు. ఆమె పుట్టింట్లోనే ఉండి, కొడుకులాగా ఆస్తికి వారసురాలయ్యేది; ఆమె పిల్లలు తాత ఇంటి వారయ్యేవారు. ఇక్కడా దేవుడు అల్లుడే. కానీ ఈ అల్లుడికి ఇల్లు లేదు. ఆమె దేహం మీద ఊరి పెత్తందారులకు పరోక్షంగా హక్కు ఏర్పడింది. బోయ, మాదిగ వంటి కులాల స్త్రీలనే ఈ ఆచారం ఎక్కువగా బలి తీసుకోవడం వల్ల లింగభేదాన్ని కులం నుండి విడదీసి ఇక్కడ మాట్లాడడం సాధ్యం కాదు.

జానపద విజ్ఞానం చెంచులక్ష్మిని భక్తి శీర్షిక కింద, బసివిని సాంఘిక దురాచారం శీర్షిక కింద చేర్చింది. వాస్తవానికి ఇవి 2022 వరకు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతానికి తూర్పు పడమర అంచులలో నిలిచిన ఒకే వివాహభావన. 1947లో మద్రాసు ప్రభుత్వం, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దైవార్పణను నిషేధించాయి. ఈ రెండవ చట్టానికి రెండేళ్ల ముందు, 1986లో, రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో అవివాహిత కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు కల్పించింది. బసివి కొడుకుగా మారి పొందిన భాగాన్ని కూతురు కూతురుగానే అడిగే వీలు అప్పుడు ఏర్పడింది. పంచుకోవడానికి భూమి ఉన్న ఇళ్లలో మాత్రమే.