ప్లీహము శ్మశానమా?

శరీరశాస్త్ర పాఠములలోను, పోటీ పరీక్షల ప్రశ్నావళులలోను ఒక మాట చాలకాలముగా పాతుకొనియున్నది. ప్లీహము ఎర్ర రక్తకణములకు శ్మశానవాటిక యట. ఉపమానము చక్కనిది, పిల్లలు ఒకసారి విన్నచో మరువరు. కాని శాస్త్రమున ఉపమానమునకు అందమొక్కటే చాలదు. అది విషయమును ఎంతవరకు చూపుచున్నదో, ఎంతవరకు కప్పుచున్నదో విచారింపవలెను.

ముందుగా ఈ మాటలోని నిజమును ఒప్పుకొనవలెను. ఎర్రకణమునకు ఒక ఆయుర్దాయము కలదు. 1946లో డేవిడ్ షెమిన్, డేవిడ్ రిట్టెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో ఈ విషయమును ప్రయోగపూర్వకముగా చూపిరి. షెమిన్ తానే 66 గ్రాముల గ్లైసీనును మూడు దినములలో పుచ్చుకొనెను. అందలి నత్రజని సామాన్యమైనది కాదు. నైట్రొజన్-15 అను బరువైన రకము. ఆ గుర్తు రక్తవర్ణకమున చేరి, చాల వారములు ఇంచుమించు నిలుకడగా ఉండి, పిమ్మట తగ్గజొచ్చెను. కణములు వయస్సుతో నిమిత్తము లేక నశించుచున్నచో తగ్గుదల మొదటినుండియే కనబడవలెను గదా! కావున అవి వయస్సు మీరి పోవుచున్నవని తేలెను. ఆ వయస్సు సుమారు 120 దినములు.

ఈ కణమునకు కేంద్రకము లేదు. ప్రోటీన్లను తయారుచేయు సాధనమును లేదు. చెడిన భాగమును మార్చుకొనుట దానికి సాధ్యము కాదు. ప్రతిదినము హీమోగ్లోబిన్‌లో కొంత ఆక్సీకరణమునకు లోనగుచుండును. దానిని సరిదిద్దు ఎంజైములే క్రమముగా బలహీనపడును. పొరనుండి చిన్న చిన్న బుడగలు విడిపోగా కణము కుంచించుకొని బిరుసెక్కును. ప్లీహములో రక్తము దూరవలసిన చీలికల వెడల్పు ఇంచుమించు ఒక మైక్రాను మాత్రమే. 7, 8 మైక్రాన్ల అడ్డుకొలత గల లేత కణము సాగి దూరిపోవును, బిరుసైనది చిక్కుకొనును. ఇంతవరకు ప్లీహమునకు ఆ పేరు సార్థకమే.

ఇక లోపములు. మొదటిది చోటును గూర్చినది. శ్మశానము ప్లీహమొక్కటే యైనచో, దెబ్బ తగిలి దానిని తీసివేయించుకొన్న ఆరోగ్యవంతులలో ముదిసిన కణములు పేరుకొనిపోవలెను. అట్లు జరుగదు, కణముల ఆయువు వారిలో చెప్పదగినంతగా పెరుగదు. కాలేయమునందును, ఎముకల మజ్జయందును గల స్థూలభక్షక కణములు ఆ పనిని నిర్వహించును.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. శ్మశానమున మిగులునది బూడిద. ఇక్కడ అట్లు కాదు. సెకనుకు 20 లక్షలకు పైగా కణములు ఈ విధముగా తొలగింపబడుచున్నవి. వాటినుండి దినమునకు 20 మొదలు 25 మిల్లీగ్రాముల ఇనుము తిరిగి లభించును. ఆహారమునుండి శరీరము గ్రహించు ఇనుము దినమునకు 1, 2 మిల్లీగ్రాములే! ఆ ఇనుము మజ్జను చేరి కొత్త కణములకు ఉపయోగపడును. ఇనుము పోగా మిగిలిన వర్ణకము బిలిరుబిన్‌గా మారి పైత్యరసముతో వెడలిపోవును. ఇది శ్మశానము కాదు. పాత ఇనుమును కాచి కొత్త పనిముట్టు చేయు కమ్మరి కొలిమి.

మూడవది, ఏ కణము ముదిసినదో గుర్తించునది ఎవరు అను ప్రశ్నను ఈ ఉపమానము తలపెట్టనే తలపెట్టదు. ముదిసిన కణములకు ప్రతిరక్షకములు అంటుకొనుననియు, వాటిని చూచి భక్షక కణములు మ్రింగుననియు 1975లో మార్గరీట్ కే సూచించెను. చెడిన హీమోగ్లోబిన్ పొరలోని 'బ్యాండ్ 3' ప్రోటీన్లను గుంపుగా చేర్చుటయే ఇందుకు మూలమని 1985లో ఫిలిప్ లో బృందము వాదించెను. 'సీడీ 47' అను ప్రోటీను లేని కణములు ఎలుకలలో శీఘ్రముగా తొలగిపోవునని 2000లో వెల్లడియైనది. ప్రతి వాదమునకును సాక్ష్యము కలదు. ఏదియు ఒంటరిగా చాలదు. ప్లీహములో పెక్కు కణములు మ్రింగబడుటకు ముందే పగిలి, వట్టి పొరలు మాత్రమే భక్షక కణముల పాలగునని 2020లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. ఒక్క పరిశోధనతో పాత అభిప్రాయమును త్రోసివేయుట తగదు. కాని పాతదానిని తిరుగులేని సత్యముగా బోధించుటయు తగదు.

ఇది పండితుల తర్కము మాత్రమే యనుకొనరాదు. మధుమేహ రోగులకు చేయు 'మూడు నెలల చక్కెర పరీక్ష' ఎర్రకణముల ఆయుర్దాయముపై ఆధారపడినది. కణము రక్తమున ఎంతకాలము తిరిగిన అంత చక్కెర దాని హీమోగ్లోబిన్‌కు అంటుకొనును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతములలో కనబడు సికిల్ సెల్ వ్యాధిలో కణముల ఆయువు సుమారు 10 మొదలు 20 దినములే. అట్టివారికి మధుమేహమున్నను ఈ పరీక్షలో అంకె తక్కువగా కనబడవచ్చును, రోగి మోసపోవచ్చును. కణములు ఎచట కూలునో మాత్రమే నేర్చిన విద్యార్థికి ఈ ప్రమాదము స్ఫురింపదు. ఎప్పుడు, ఏల కూలునో నేర్చినవానికి స్ఫురించును.

కావున పాఠ్యగ్రంథకర్తలు శ్మశానపు మాటను పూర్తిగా విడువనక్కరలేదు. దాని ప్రక్కనే మరి రెండు వాక్యములు చేర్చిన చాలును: ముదిసిన కణములను ప్లీహముతోపాటు కాలేయము, మజ్జ కూడ తొలగించును; వాటి ఇనుముతోనే కొత్త కణములు పుట్టును. ఒక్క మార్కునకు నేర్చిన మాట అప్పుడు విజ్ఞానమగును.