అక్షింతలు ఎప్పుడెయ్యాలె?

"పంతులు లేకుంటే పెండ్లెట్లయితది?" అని సిద్దిపేటలో ఎవరడిగినా నా దగ్గర జవాబుంది. ఇబ్బంది పెట్టేది ఇంకో ప్రశ్న: "మరి అక్షింతలు ఎప్పుడెయ్యాలె సారూ?"

పంతులు లేని స్టేజి పెండ్లిళ్ల ఏర్పాట్లు చూసే నాకు ఈ ప్రశ్నంటే గౌరవం. పుస్తె కట్టే వేళ గట్టిమేళం మోగితే హాలు చివర కూర్చున్న ముసలమ్మకూ తెలుస్తుంది. మన దగ్గరేమో గంటసేపు ఉపన్యాసాలు (కులం మీద, కట్నం మీద, ఒక్కోసారి అమెరికా మీద), తర్వాత దండలు, చప్పట్లు. పెండ్లి ఎక్కడయిందో పిల్లకే తెలియదు.

ఆ ఘడియ చట్టంలోనే ఉంది. తంతు మీ ఇష్టం అంటుంది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. కానీ మ్యారేజ్ ఆఫీసరు, ముగ్గురు సాక్షులు వింటుండగా 'నిన్ను చట్టబద్ధంగా భార్యగా స్వీకరిస్తున్నాను', 'భర్తగా స్వీకరిస్తున్నాను' అని ఇద్దరూ చెప్పాల్సిందే. తెలుగులో చెప్పొచ్చు. అదనపు ఫీజు కడితే ఆఫీసరు హాలుకు రావడానికీ వీలుంది. అందుకే ఆ మాట మైకులో చెప్పిస్తాను. రెండో మాట పూర్తికాగానే డప్పు, బంతిపూల రేకులు. అక్షింతలే కావాలనే అమ్మమ్మలను ఆపను. ఉపన్యాసాలన్నీ భోజనాల తర్వాత. వినేవాళ్లు పలచబడితే వక్తలే సర్దుకుంటారు.

దేవుణ్ని తీసేసి ఏం పెట్టాలన్నది పాత ప్రశ్నే. నాస్తికోద్యమ నేత గోరా కూతురు మనోరమ పెండ్లి సేవాగ్రామ్‌లో చేయించడానికి ఒప్పుకున్న గాంధీ, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు చెప్పడానికి సరేనన్నారు. ఆయన హత్య తర్వాత, 1948లో, ఆ పెండ్లి అక్కడే జరిగింది.

దండలు మార్చుకుంటే చాలన్నది తమిళనాడు మాట. వాళ్లు 1967లో హిందూ వివాహ చట్టానికి సవరణ చేసుకున్నారు, మనం చేసుకోలేదు. ఏ తంతూ జరగకుండా ఆ చట్టం కింద తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒక్కటే పెండ్లిని నిలబెట్టదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రత్యేక చట్టానికీ ఓ ముహూర్తముంది. ఇద్దరిలో ఒకరైనా 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. మూడు నెలలు దాటితే మళ్లీ మొదటికే. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఇంట్లో ఒప్పుకోని జంటలకు అదే గండం. ఆ నిబంధన పోవాలనే నేనంటాను. పోయేదాకా మాత్రం, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వకముందే నోటీసు ఇచ్చి రండి.