జీవామృతము: తోడు, పాలు

ఆవుపేడ 10 కిలోలు, పంచితము 5 నుండి 10 లీటర్లు, బెల్లము 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, గట్టుమన్ను గుప్పెడు. వీనిని 200 లీటర్ల నీటిలో కలిపి రెండు దినములు పులియనిచ్చినచో ఎకరమునకు సరిపడు జీవామృతము సిద్ధమగును. సుభాష్ పాలేకర్ ప్రచారము చేసిన ఈ పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో 2016 ప్రాంతము నుండి రైతు సాధికార సంస్థ పల్లెలకు తీసికొనిపోయినది. జీవామృతము ఎరువు కాదనియు, నేలలోని సూక్ష్మజీవులను వృద్ధిచేయుననియు, పైరునకు కావలసిన ఆహారమును ఆ జీవులే అందించుననియు పాలేకర్ వాదము.

మొదటి మాట సత్యమే. పై సరకులన్నిటిలోను కలిపి నత్రజని సుమారు పావుకిలోకు మించదు. ఎకరమునకు 2 టన్నుల ధాన్యమిచ్చు వరి దాదాపు 30 కిలోల నత్రజనిని గ్రహించును.

చిక్కంతయు చివరి మాటలో ఉన్నది. భాస్వరము, పొటాషియము మట్టిలోని ఖనిజములలో బంధింపబడి ఉండును. కొన్ని బాక్టీరియాలు ఆమ్లములను స్రవించి వానిని కొంతవరకు కరిగించును. వేళ్లను ఆశ్రయించిన శిలీంధ్రములు వేళ్లకందని చోట్లనుండి భాస్వరమును తెచ్చి యిచ్చును. నత్రజని సంగతి వేరు. నేలలో అది ముఖ్యముగా కుళ్లిన ఆకులలములలో నిలువ ఉండును. సూక్ష్మజీవులు ఆ నిలువను విప్పగలవే గాని, తరిగినదానిని నింపుటకు పెంటయో, పచ్చిరొట్టయో, గాలిలోని నత్రజనిని పట్టు రైజోబియము గల పప్పుజాతి పైరో కావలెను.

సూక్ష్మజీవులకును తిండి కావలెను గదా! ఎకరములో పై 15 సెంటీమీటర్ల మన్ను సుమారు 900 టన్నులు. అందు 2 కిలోల బెల్లము ఏ మూలకు? ఎండుగడ్డి ఒక్కటే కలిపినను చాలదు. దానిలో నత్రజని స్వల్పము. కనుక దానిని జీర్ణించుకొను జీవులు మట్టిలోని నత్రజనినే తీసికొనును. రెండు కుండలలో మొక్కజొన్న నాటి, ఒకదాని మట్టిలో మాత్రము తరిగిన గడ్డిని కలిపినచో, ఆ కుండలోని ఆకులు పాలిపోవుటను విద్యార్థులు చూడవచ్చును.

ప్రకృతి సేద్యములో గడ్డి కప్పుటయు, పప్పుజాతి పైరులు వేయుటయు కలవు. కావున పంట బాగుగా వచ్చినచో ఆ ఘనతనంతయు జీవామృతమునకే కట్టబెట్టరాదు. తక్కిన పనులన్నియు ఒకే తీరున చేసి, ఒక మడికి జీవామృతమును, పక్క మడికి ఉత్త నీటిని పోసి పోల్చిననే నిజము తేలును.

తోడు లేనిదే పాలు పెరుగు కావు. పాలు లేని కుండలో తోడు వేసిన ఫలమేమి? జీవామృతము తోడు వంటిది. దానిని నమ్మి పెంటను, పచ్చిరొట్టను మానిన రైతు నష్టపోవును.